పెద్ద శబ్దం తర్వాత పెరిగిన చెవి హోరు: బరంపురంలోని ఒక వినికిడి కేంద్రం, అక్కడి సలహాతో కొన్న వస్తువులు

బరంపురంలోని ఒక చిన్న వినికిడి పరీక్షా కేంద్రంలో నేను పొందిన సేవ గురించీ, అక్కడి సలహా మీద కొని వాడుతున్న కొన్ని వస్తువుల గురించీ ఈ సమీక్ష రాస్తున్నాను. కేంద్రం పేరు ఇవ్వడం లేదు. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉంటున్న మన తెలుగువాళ్ళకు ఇటువంటి సేవ ఎక్కడ దొరికినా, దాని మంచిచెడ్డలను ఏ గుర్తులను బట్టి పోల్చుకోవాలో చెప్పడమే నా ఉద్దేశం. ఇప్పటికే చెవిలో హోరు ఉండి, డీజే వల్లో బాణసంచా వల్లో అది ఒక్కసారిగా పెరిగినవాళ్ళను ముఖ్యంగా దృష్టిలో పెట్టుకున్నాను. ఆ తొలి వారాల్లో మనిషిని పట్టుకునే భయం ఎంతటిదో నాకు తెలుసు. ఆ భయంలో ఉన్నవాళ్ళు ఏది చూపించినా కొనేస్తారన్న సంగతి అమ్మేవాళ్ళకూ తెలుసు.

నేను బడిపంతులుగా పనిచేసి విరమించినవాణ్ణి. కుడి చెవిలో సన్నని కూత ఏళ్ళ తరబడి ఉన్నదే గానీ, రాత్రి దిండు మీద తల వాల్చినప్పుడు తప్ప దాని ఉనికి తెలిసేది కాదు. పర్లాకిమిడిలో దగ్గరి బంధువుల పెళ్ళి ఊరేగింపులో డీజే బండి వెనకాలే నడవవలసి రావడంతో పరిస్థితి మారింది. ఇరుకు వీధి, రెండు వైపులా మేడల గోడలు, బండి మీద మనిషి ఎత్తు స్పీకర్లు. ఆ రాత్రికి చెవులు దిబ్బడ వేశాయి. మర్నాటికి దిబ్బడ వదిలింది గానీ, కూత మాత్రం రెండు చెవుల్లోనూ ఈలగా మారి పగలంతా వినబడసాగింది. స్టీలు గిన్నెకు గరిటె తగిలినా, వీధిలో ఆటో హారన్ కొట్టినా చెవిలో సూదితో పొడిచినట్టు ఉండేది.

ఇటువంటి స్థితిలో మొదట చూపించుకోవలసింది ఈ.ఎన్.టి. డాక్టరుకు. వినికిడి కేంద్రం ఎంత మంచిదైనా అది రెండో మెట్టే. శబ్దం తర్వాత వినికిడి బాగా పడిపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోయినా, తల తిరుగుతున్నా దాన్ని అత్యవసరంగానే చూడాలి. హఠాత్తుగా వచ్చిన వినికిడి నష్టానికి డాక్టర్లు సాధారణంగా స్టెరాయిడ్ మందు ఇస్తారు. దాన్ని మొదటి రెండు వారాల లోపు మొదలుపెడితేనే ఫలితం దక్కే అవకాశం ఎక్కువ. బరంపురంలో 1962 నాటి నుంచీ ఉన్న ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి ఉండగా, ఈ జిల్లాలవాళ్ళు ‘నాలుగు రోజులు చూద్దాం’ అని ఇంట్లో కూర్చోవలసిన అవసరం లేదు. నా విషయంలో డాక్టరుగారు చెవిలోని గులిమి తీయించి, కర్ణభేరి బాగానే ఉందని నిర్ధారించి, పూర్తి వినికిడి పరీక్ష చేయించుకోమని పంపారు.

ఈ కేంద్రానికి రాకముందు, చెవి మిషన్లు అమ్మే వేరొక దుకాణానికి కూడా మావాళ్ళు నన్ను తీసుకువెళ్ళారు. పోలిక కోసమే ఆ మాట ఎత్తుతున్నాను. అక్కడ రోడ్డు మీదికి తలుపు తెరిచి ఉన్న ముందుగదిలోనే, లారీల మోత మధ్య, నాలుగు బీప్ శబ్దాలు వినిపించి పరీక్ష అయిపోయిందన్నారు. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటే నెలలో హోరు పూర్తిగా పోతుందని, ఆ రోజే బయానా ఇస్తే ధర తగ్గిస్తామని చెప్పారు. హోరును పూర్తిగా పోగొడతామని ఎవరు మాట ఇచ్చినా అక్కడి నుంచి లేచి రావడమే మంచిదని ఇప్పుడు నిశ్చయంగా చెప్పగలను.

బరంపురం కేంద్రంలో నాకు మొదట నచ్చింది పరీక్షకు ముందు ఫోనులో ఇచ్చిన సూచన. ముందురోజు సాయంత్రం నుంచి పెద్ద శబ్దాలకు దూరంగా ఉండి రమ్మన్నారు. పెద్ద శబ్దం విన్న చెవి కొన్ని గంటలపాటు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులపాటు తాత్కాలికంగా మందగిస్తుంది కాబట్టి, ఆ మందగింపు లెక్కలోకి వస్తే అసలు వినికిడి ఎంతో తేలదు. పరీక్ష గది లోపల మెత్తటి అస్తరు వేసిన చిన్న గది; తలుపు వేస్తే వీధి ఉన్నట్టే తెలియదు. 250 హెర్ట్జ్ అనే బొంగురు శబ్దం నుంచి 8000 హెర్ట్జ్ అనే బాగా సన్నని శబ్దం వరకు మెట్లు మెట్లుగా వినిపించి, మధ్యలో చాలాచోట్ల వదిలేసే 3000, 6000 మెట్లను కూడా పరీక్షించారు. శబ్దం వల్ల కలిగే నష్టం తొలుత కనబడేది ఆ ప్రాంతంలోనే. ఏ మెట్టు ఎంత వినబడిందో చూపే ఆడియోగ్రామ్ పటంలో గీత 4000 దగ్గర లోయలా దిగి 8000 దగ్గర మళ్ళీ పైకి లేస్తే, అది వయసు వల్ల వచ్చిన చెవుడు మాత్రమే కాదు, శబ్దం చేసిన గాయం కూడా అయి ఉండవచ్చునని అర్థం. నా గీతలో, ముఖ్యంగా కుడి చెవిలో, ఆ లోయ స్పష్టంగా ఉంది.

తరువాత చేసిన మాటల పరీక్ష గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు ఇది చాలా ముఖ్యం. ఇందులో హెడ్‌ఫోనులో చిన్న చిన్న పదాలు వినిపించి తిరిగి చెప్పమంటారు. ఎన్ని సరిగా చెప్పామో చూసి, శబ్దం చెవికి చేరడమే కాకుండా మాట ఎంత స్పష్టంగా అర్థమవుతోందో లెక్కకడతారు. ఆ పదాలు రోగి ఇంట్లో మాట్లాడే భాషలో ఉండకపోతే లెక్క తప్పుతుంది. మన ఇళ్ళల్లో తెలుగు, బజారులో ఒడియా, ఆఫీసులో హిందీ లేదా ఇంగ్లీషు నడుస్తాయి. అన్నీ వచ్చినవాళ్ళకు కూడా విడి పదాన్ని సన్నని గొంతుతో వినిపించినప్పుడు పుట్టుభాష ఇచ్చే ఆసరా మరో భాష ఇవ్వదు. ఒడియా పదాలతో పరీక్షించి ‘మాట గుర్తింపు తగ్గింది’ అని రాసిచ్చిన కాగితాన్ని పట్టుకుని, లేని చెవుడుకు మిషను కొనే పరిస్థితి రాకూడదు. ఇక్కడి ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణురాలు, తెలుగింటి అమ్మాయి. ‘మాస్టారూ, తెలుగు పదాలు పెట్టమంటారా, ఒడియా పెట్టమంటారా?’ అని తానే ముందుగా అడిగింది. ఇలా అడిగే కేంద్రాన్నే ఎంచుకోండి. వాళ్ళు అడగకపోతే మీరే అడగండి.

హోరును కూడా కొలవవచ్చునని నాకు అంతవరకు తెలియదు. సన్నదనంలో రకరకాలుగా ఉండే ఈలలు వినిపిస్తూ, ఏది నా చెవిలోని శబ్దంతో కలుస్తోందో చెప్పమన్నారు. 6000 హెర్ట్జ్ దగ్గర కలిసింది, అంటే వినికిడి దెబ్బతిన్న చోటుకు పక్కనే. తర్వాత దాని గట్టితనాన్ని సరిపోల్చారు. నన్ను నిద్రపోనివ్వకుండా, పక్కగదిలో మాట్లాడేవాళ్ళ గొంతును మించి మోగుతున్నట్టు అనిపించే ఆ ఈల, కొలిచి చూస్తే నేను వినగలిగే కనీస స్థాయి కన్నా, గట్టితనాన్ని కొలిచే లెక్కలో, కొద్ది డెసిబెల్‌లు మాత్రమే పైన ఉంది! మొదట నేను నమ్మలేదు. ‘అమ్మా, మరోసారి చూడు’ అని అడిగితే విసుక్కోకుండా మళ్ళీ చేసింది. అదే ఫలితం. హోరుతో వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఇలాగే ఉంటుందనీ, బాధ తీవ్రతకూ కొలిచిన గట్టితనానికీ నేరుగా సంబంధం కనిపించదనీ, ఆ శబ్దాన్ని మెదడు ప్రమాద సూచనగా తీసుకుని ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నదాని మీదే బాధ ఎక్కువగా ఆధారపడుతుందనీ వివరించింది.

ఆ వివరణను మామూలు మాటల్లో చెబుతాను. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో, ఒక్కో చెవికి సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. శబ్ద తరంగాన్ని నరానికి అర్థమయ్యే సంకేతంగా మార్చేది ఇవే. పెద్ద శబ్దానికి చచ్చిపోయినవి మనుషుల్లో మళ్ళీ మొలవవు. కొంత మేర సంకేతాలు రావడం తగ్గిపోయేసరికి, లేని సంకేతం కోసం మెదడు తన వినికిడి మార్గంలో గ్రహణశక్తిని పెంచుకుంటుందనీ, ఆ పెంపు వల్లనే లేని శబ్దం ఉన్నట్టుగా వినబడుతుందనీ శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. 2009లో కుజావా, లిబర్‌మన్ అనే పరిశోధకులు ఎలుకల మీద చేసిన అధ్యయనంలో మరో సంగతి బయటపడింది. పెద్ద శబ్దం తర్వాత వినికిడి స్థాయి మామూలుకు వచ్చినట్టు కనిపించినా, రోమకణాలకూ నరానికీ మధ్య ఉండే అతుకులు శాశ్వతంగా తెగిపోయి ఉన్నాయి. కాబట్టి ఆడియోగ్రామ్ మామూలుగా వచ్చినంత మాత్రాన, ‘నీకేమీ లేదు, అంతా అనుమానమే’ అని రోగిని కొట్టిపారేయడం తగదు.

చివరికి నా చెవుల్లో ఒక నిమిషంపాటు జల్లులాంటి శబ్దం వినిపించి ఆపారు. ఆపిన తర్వాత కొన్ని క్షణాలపాటు నా ఈల బాగా తగ్గి, మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. ఇది అందరిలో జరగదనీ, జరిగినా చికిత్స అనుకోకూడదనీ ఆ అమ్మాయి ముందే హెచ్చరించింది. అయినా ఆ కొద్ది క్షణాలు నాకు ఎంతో ధైర్యం ఇచ్చాయి. నా చెవిలోని శబ్దం బయటి శబ్దానికి లొంగుతుందని ప్రత్యక్షంగా తెలిసింది. ఆ రోజు నాకు ఏమీ అమ్మలేదు. ‘ఇది పూర్తిగా ఆగిపోతుందని నేను చెప్పను మాస్టారూ. ఉన్నా మీకు పట్టని రోజులు వస్తాయి, దాని కోసం పని చేద్దాం’ అని చెప్పి, 25 ప్రశ్నల పత్రం ఒకటి చదివి వినిపించి జవాబులు రాసుకుంది. హోరు వల్ల నిద్ర, ఏకాగ్రత, కోపం, ఇంట్లోవాళ్ళతో సంబంధాలు ఎంత దెబ్బతిన్నాయో సున్నా నుంచి 100 వరకు అంకెల్లో చెప్పే ఆ పత్రాన్ని 1996 నుంచి ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. నా జవాబులు అప్పుడు ‘తీవ్రం’ అనే శ్రేణిలో, అంటే 58కి పైన పడ్డాయి.

ఇక ఇంటికి ఇచ్చిన సలహాల్లో మొదటిది నిశ్శబ్దాన్ని వెతుక్కోవద్దని. ఇది విన్నవాళ్ళకు విపరీతంగా తోస్తుంది. చెవిలో మోత పెరిగితే దూది కుక్కుకోవడం, తలుపులు బిగించుకోవడం మన ఇళ్ళల్లో పెద్దలు చెప్పే పద్ధతి. దూది పెద్ద శబ్దాన్ని దాదాపు ఆపదు కాబట్టి డీజే దగ్గర అది రక్షణ కాదు. ఇంట్లో అయితే ఉన్న కాస్త బయటి శబ్దాన్నీ తగ్గించి, హోరును మరింత స్పష్టంగా వినిపిస్తుంది. రోజంతా చెవులు మూసుకుని ఉంటే మెదడు తన గ్రహణశక్తిని ఇంకా పెంచుకుంటుంది. అప్పుడు గిన్నెల చప్పుడు కూడా భరించలేనిదవుతుంది. పూర్తి ఆరోగ్యవంతులకు సైతం చెవులు మూసి ఉంచితే ఇలాగే జరుగుతుందని పరీక్షల్లో తేలింది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరని గదిలో కూర్చోబెడితే, వాళ్ళలో 94 శాతం మంది తమకు ఏదో ఒక శబ్దం వినబడుతోందన్నారు. అందుచేత ఈ కేంద్రం పెట్టిన నియమం రెండు పాదాల మీద నిలబడింది: నిజంగా పెద్ద శబ్దం ఉన్న చోట గట్టి రక్షణ, మిగతా వేళల్లో చెవికి ఎప్పుడూ ఏదో ఒక మెత్తని శబ్దం. నేను వాడుతున్న వస్తువులన్నింటినీ ఈ నియమంతోనే తూచి చూశాను.

వీటిలో నా మనసుకు పూర్తిగా నచ్చింది అన్నింటికన్నా చవకైనది, త్రీఎం కంపెనీ 1100 రకం స్పాంజి ఇయర్ ప్లగ్. నారింజ రంగులో, ఒక కొస సన్నగా ఉండే ఈ జతకు కంపెనీ ప్రకటించిన శబ్ద తగ్గింపు స్థాయి 29 డెసిబెల్‌లు. డబ్బా మీది ఆ అంకె ప్రయోగశాలది. మామూలు మనిషి పెట్టుకున్నప్పుడు దక్కేది అంచనా వేయడానికి, ఆ అంకెలోంచి 7 తీసి మిగిలినదాన్ని సగం చేస్తారు. అంటే 11 డెసిబెల్‌లు. సరిగా పెట్టుకుంటే ఇంతకన్నా ఎక్కువే దక్కుతుంది, వంకరగా పెట్టుకుంటే ఇదీ దక్కదు. అందువల్ల పెట్టుకునే పద్ధతిని ఆ అమ్మాయి నా చేత మళ్ళీ మళ్ళీ చేయించింది. ముందు చేతులు కడుక్కోవాలి. ప్లగ్‌ను వేళ్ళ మధ్య మడతలు పడకుండా సన్నటి వత్తిలా దొర్లించాలి. రెండో చేతిని తల వెనక నుంచి తెచ్చి చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగితే లోపలి మార్గం తిన్నగా అవుతుంది; అప్పుడు దాన్ని లోపలికి తోసి, అది ఉబ్బి మార్గాన్ని నింపే దాకా అర నిమిషం వేలితో పట్టుకుని ఉండాలి. సరిగా కూర్చుంటే మన గొంతు మనకే తలలోపలి నుంచి గుమ్ముగా వినబడుతుంది. అరచేతులతో చెవులను మూసి తెరిచి చూసినప్పుడు బయటి మోతలో పెద్ద తేడా తెలియకపోతే అది బాగా కూర్చున్నట్టు. తేడా తెలిస్తే తీసి మళ్ళీ పెట్టుకోవలసిందే. మాసిపోయినా, మెత్తదనం తగ్గినా పారేయాలి. చెవి కారుతున్నవాళ్ళు, కర్ణభేరికి చిల్లు ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా పెట్టుకోకూడదు.

అయితే దీనికీ హద్దు ఉంది. మా మేనల్లుడి ఐఫోనులో, అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ 2017లో ఉచితంగా ఇచ్చిన శబ్దం కొలిచే యాప్‌తో ఒక ఊరేగింపును దూరం నుంచీ దగ్గర నుంచీ కొలిచి చూశాం. బండి దగ్గర సుమారు 105 డెసిబెల్‌లు చూపింది. అదే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్‌లకు రోజుకు 8 గంటలు గరిష్ఠ పరిమితి. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. ఈ లెక్కన 100 దగ్గర 15 నిమిషాలు, 105 దగ్గర ఐదు నిమిషాలైనా కావు. స్పాంజి ప్లగ్ 11 తగ్గిస్తే చెవికి చేరేది 94, అంటే గంటసేపు. ఇది ఆరోగ్యంగా ఉన్న చెవికి వేసిన లెక్క. ఇప్పటికే దెబ్బతిన్న చెవి విషయంలో నేను ఆ గంటను కూడా పూర్తిగా వాడుకోను. ప్లగ్ మీద, చెవి డొప్పను మొత్తం కప్పే ఇయర్ మఫ్‌లు కూడా పెట్టుకుంటే మరో 5 డెసిబెల్‌ల వరకు కలిసివస్తుంది. రెండు అంకెలనూ కూడేయకూడదు. కర్మాగారాల్లో వాడే మఫ్‌లు మంచివే గానీ, మన ఎండకు చెవుల చుట్టూ చెమట పట్టి ఎక్కువసేపు ఉంచుకోలేం. కళ్ళజోడు కాడలు అడ్డుపడి సందు ఏర్పడితే రక్షణా తగ్గుతుంది. ఇంట్లో మిక్సీ, వడ్రంగం, దీపావళి టపాకాయల వంటి కొద్దిసేపటి మోతకు మాత్రం చటుక్కున పెట్టుకుని తీసేయడానికి వీలైనవి అవే.

ధ్వనిని ముద్దగా మార్చకుండా సమంగా తగ్గించే రంధ్రపు ప్లగ్‌లను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. భజనలకూ, సభలకూ, హోటళ్ళలో భోజనానికీ బాగున్నాయి, ఎదుటివాళ్ళ మాట తెలుస్తుంది. డీజేకు చాలవు.

రాత్రి పక్కన పెట్టుకునే శబ్ద యంత్రం గురించి మాత్రం జాగ్రత్త చెప్పాలి. నేను కొన్న చవక యంత్రంలో వాన చప్పుడు చిన్న ముక్కగా రికార్డు చేసి తిప్పితిప్పి వినిపిస్తారు. ముక్క ముగిసి మళ్ళీ మొదలయ్యే చోట చిన్న ‘టిక్’ వస్తుంది. ఒకసారి దాన్ని గుర్తుపట్టాక, చెవి వానను వదిలేసి ఆ టిక్ ఎప్పుడొస్తుందా అని కాచుకుని కూర్చుంటుంది. హోరుతో బాధపడేవాళ్ళకు అంతకన్నా చేటు లేదు. కొనేముందు ఒకే శబ్దాన్ని కనీసం పది నిమిషాలు విని చూడండి. నాకు చివరికి పనికివచ్చింది ఫోనులో ఆగకుండా నడిచే పొడవైన వాన రికార్డింగు, ఒక చిన్న స్పీకరు, పాత సీలింగ్ ఫ్యాను. ఇయర్ ఫోన్లతో వినవద్దన్నారు. గట్టితనం కూడా హోరును ముంచేసేంత కాకుండా, హోరూ వానా రెండూ కలగలిసి వినబడేంత ఉండాలన్నారు. 1990లో యాస్ట్రెబాఫ్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన సిద్ధాంతం మీద పెరిగిన శిక్షణా పద్ధతి చెప్పేది ఇదే: అసలు వినబడని శబ్దానికి మెదడు అలవాటు పడలేదు, కాబట్టి దాన్ని పూర్తిగా కప్పేయకూడదు.

మందుల విషయంలో కేంద్రం తన హద్దు దాటలేదు, అది డాక్టరుగారి పని అని చెప్పింది. ఆ చర్చ మన బజార్లలో జోరుగా సాగుతుంది కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. అమెరికా ఈ.ఎన్.టి. వైద్యుల సంఘం 2014లో వెలువరించిన మార్గదర్శకాలు హోరు కోసం జింకో బిలోబా అనే చెట్టు ఆకుల సారం, జింకు, మెలటోనిన్ వంటివాటిని సిఫారసు చేయవద్దన్నాయి. బ్రిటన్‌లోని నైస్ అనే వైద్య మార్గదర్శకాల సంస్థ 2020లో, హోరు ఒక్కదానికే అయితే బీటాహిస్టిన్ ఇవ్వవద్దంది. తల తిరిగే జబ్బుకు ఆ మందు వాడుతున్నవాళ్ళు మాత్రం ఇది చదివి సొంతంగా మానేయకూడదు.

కొన్ని వారాల తర్వాత కేంద్రంవాళ్ళు వినికిడి యంత్రాన్ని ఇంటికిచ్చి వాడి చూడమన్నారు. వినికిడి తగ్గినవాళ్ళకు అది బయటి శబ్దాన్ని చెవికి అందించి హోరును వెనక్కి నెట్టగలదు. నాకు సభల్లో ఉపయోగపడింది, ఇంట్లో తేడా తెలియలేదు. ఇప్పటికి వద్దని తిరిగి ఇచ్చేస్తే ఒక్క మాట కూడా అనకుండా తీసుకున్నారు. కొనమని ఒత్తిడి చేయకపోవడం వల్లనే, అవసరం పెరిగిన రోజున నేను అక్కడే కొంటాను.

తర్వాత మళ్ళీ పరీక్షించినప్పుడు తేలిన సంగతి నాకు అన్నింటికన్నా విలువైనది. హోరు సన్నదనం అదే 6000 హెర్ట్జ్. గట్టితనం కొలతలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. 25 ప్రశ్నల పత్రంలో మాత్రం ‘తీవ్రం’ నుంచి ‘స్వల్పం’ అనే శ్రేణికి, అంటే 36 లోపుకు దిగాను. శబ్దం అంతే ఉంది, నా బతుకులో అది ఆక్రమించిన చోటు తగ్గింది. గిన్నెల చప్పుడుకు పొడిచినట్టుండే బాధ కూడా క్రమంగా పోయింది. ఇది అందరికీ ఇదే వేగంతో జరుగుతుందని నేను అనను.

లోపాలు లేకపోలేదు. అన్నింటికన్నా పెద్దది, ఆలోచనల తీరును మార్చే మానసిక చికిత్స చేసేవాళ్ళు అక్కడ లేకపోవడం. హోరు వల్ల కలిగే బాధను తగ్గించడంలో ఇప్పటివరకు ఎక్కువ ఆధారాలు దొరికింది ఆ పద్ధతికే; వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష కూడా ఆ దిశగానే చెప్పింది. కనీసం ఎవరి దగ్గరకు వెళ్ళాలో రాసిచ్చినా బాగుండేది. నిద్ర లేక, బతుకు మీద విరక్తి కలిగే స్థితిలో ఉన్నవాళ్ళు ఆగకుండా టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోను చేయాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన ఈ ఉచిత సేవలో తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు. రెండో లోపం, వాళ్ళు వేచి ఉండే గదిలో టీవీని గట్టిగా పెట్టడం. శబ్దాన్ని భరించలేక వచ్చినవాళ్ళు కూర్చునే చోట అది ఉండనే కూడదు. చెబితే తగ్గించారు, తర్వాత వెళ్ళేసరికి మళ్ళీ అంతే గట్టిగా మోగుతోంది. మూడోది, రిపోర్టు ఇంగ్లీషులోనే ఇవ్వడం. ఒక పేజీ తెలుగులోనూ ఒడియాలోనూ రాసిస్తే, పల్లెల నుంచి వచ్చేవాళ్ళు ఇంటికి వెళ్ళాక మనవడి చేత చదివించుకోగలుగుతారు.

వేడుకలకు దూరం కావలసిన పని లేదని కూడా ఈ సేవ వల్ల తెలిసింది. రెండేళ్ళకొకసారి చైత్రంలో వచ్చే బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్రలో మన చేనేత వీధుల భాగం ఎంతటిదో బరంపురంవాళ్ళకు చెప్పనక్కరలేదు. వాద్యాల దగ్గరకు వెళ్ళేటప్పుడు స్పాంజి ప్లగ్‌లు పెట్టుకుంటాను. స్పీకర్లకు ఎదురుగా కాకుండా పక్కగా, వీలైనంత దూరంగా నిలబడతాను. బయలు ప్రదేశంలో దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెల్‌లు తగ్గుతుంది, ఇరుకు వీధుల్లో అంత తగ్గదు. చట్టం కూడా మన వైపే ఉంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగల కోసం ఏడాదిలో గరిష్ఠంగా 15 రోజులు, అదీ అర్ధరాత్రి 12 వరకే, రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. పెళ్ళి పెద్దలతో ముందుగానే మాట్లాడి, పిల్లలూ ముసలివాళ్ళూ డీజే బండికి దూరంగా నడిచేలా ఏర్పాటు చేయించడం మా బంధువుల్లో ఇప్పుడు నేను పట్టుబట్టి చేస్తున్న పని.

పర్లాకిమిడి, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపు వాళ్ళకు బరంపురం అనుకూలం. రాయగడ, గుణుపురం, జయపురం వాళ్ళు విశాఖపట్నం వెళ్ళడం సులువనుకుంటే అక్కడైనా ఇవే ప్రశ్నలు అడగాలి: శబ్దం చొరని గది ఉందా, 3000, 6000 మెట్లు పరీక్షిస్తారా, మాటల పరీక్ష తెలుగులో చేస్తారా, హోరును కొలుస్తారా, యంత్రాన్ని వాడి చూసి తిరిగి ఇవ్వవచ్చా. పాత ఆడియోగ్రామ్‌లు ఉంటే తప్పక వెంట తీసుకువెళ్ళండి, పోల్చి చూడడానికి వాటికి మించినది లేదు. ఫోనులో సమయం తీసుకునేటప్పుడే, శబ్దం తర్వాత హోరు పెరిగిందన్న సంగతి చెప్పండి. వాళ్ళు ఎక్కువ సమయం కేటాయిస్తారు.